బటన్ తెచ్చే హుకుం

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. కంప్యూటర్ ప్రపంచంలో మాత్రం తేదీలు దొరికినంత సులువుగా చరిత్ర దొరకదు. ఇవాళ మన ఏ గల్లీలో చూసినా ఒక సాఫ్ట్‌వేర్ పిల్లాడో పిల్లో ఉన్నారు. వాళ్లు నల్ల తెర మీద "ఎన్‌పీఎక్స్ షాడ్‌సీఎన్ యాడ్ బటన్" అని ఒక్క లైను కొడితే బటన్ వచ్చి కూర్చుంటుంది. ఆ హుకుం వెనక పదిహేనేళ్ల కథ ఉంది. నేను కోడ్ రాసేవాణ్ని కాదు, ఖబర్లు రాసేవాణ్ని. ఈ కథ నాకు నచ్చింది అందులో ఉన్న అమానత్ ముచ్చట వల్ల.

మొదట్లో వెబ్‌సైటు కట్టేవాళ్లు బటన్లు, ఫారాలు, మెనూలు ఎవరివి వాళ్లే కుట్టుకునేవాళ్లు. 2011 ఆగస్టులో ట్విటర్ ఉద్యోగులు మార్క్ ఒట్టో, జేకబ్ థార్న్‌టన్ తమ దగ్గరున్న ముక్కలన్నీ బూట్‌స్ట్రాప్ పేరుతో ముఫ్త్‌గా లోకానికి ఇచ్చేశారు. రెడీమేడ్ షేర్వానీల దుకాణం తెరిచినట్టయింది. వెబ్‌సైట్లన్నీ అన్నదమ్ముల్లా కనిపించసాగాయి. అయితే ఆ షేర్వానీ ఎడమ నుంచి కుడికి రాసేవాళ్ల కొలతకే కుట్టారు. కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూ, అరబీలకు బూట్‌స్ట్రాప్‌లోనే చోటు దొరికింది 2021 మేలో, ఐదో వెర్షన్‌తో. పదేళ్లు!

రెడీమేడ్ ముక్కలు ఉర్దూవాళ్లకు కొత్తేమీ కాదు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నస్తాలీఖ్ అక్షరాల జోడింపుల్ని వేల సంఖ్యలో ముందే రాసిపెట్టి, మోనోటైప్ యంత్రంతో నూరీ నస్తాలీఖ్ తెచ్చారు. లాహోర్ జంగ్ పత్రిక దాంతో అచ్చయింది. కాతిబ్ రాసే పని యంత్రం చేసింది, ఎందరో కాతిబ్‌ల రోజీ పోయింది. ఆ లెక్క వేరే రాయాలి.

సరే, అసలు కథ. 2010లో ఐజాక్ ష్లూటర్ ఎన్‌పీఎం మొదలుపెట్టాడు. ఎవరైనా తమ కోడ్‌ను ప్యాకేజీగా కట్టి అక్కడ పెట్టొచ్చు, ఎవరైనా ఇన్‌స్టాల్ అనే ఒక్క మాటతో తెచ్చుకోవచ్చు. తెచ్చుకున్న ప్యాకేజీకి ఇంకో నాలుగు కావాలి, ఆ నాలుగింటికి ఇంకో పది. ఇంటికి ఒక మెహమాన్‌ను పిలిస్తే ఖాందాన్ అంతా దిగినట్టు. వాళ్లెవరో ఇంటి యజమానికి కూడా తెలియదు.

ఆ సంగతి 2016 మార్చి 22న బయటపడింది. అజర్ కోచులు అనే తుర్కీ ప్రోగ్రామర్‌కు కిక్ అనే పేరుతో ఒక ప్యాకేజీ ఉంది. అదే పేరున్న కంపెనీ ఆ పేరు మాకివ్వమంది. అతను ఒప్పుకోలేదు. ఎన్‌పీఎం పేరు తీసి కంపెనీకి ఇచ్చింది. కోచులు తన ప్యాకేజీలన్నీ, 270కి పైగా, తీసేసుకున్నాడు. అందులో ఒకటి లెఫ్ట్‌ప్యాడ్, మొత్తం 11 లైన్లు. మాటకు ఎడమవైపు ఖాళీలు నింపడమే దాని పని. (మన ఉర్దూకైతే ఎడమంటే వాక్యం ముగిసే వైపు.) ఆ 11 లైన్లు లేక ప్రపంచమంతా ప్రాజెక్టులు ఆగిపోయాయి. బాబెల్ లాంటి పేరున్న పనిముట్టు కూడా దానిమీదే నిలబడి ఉందని అప్పుడే చాలామందికి తెలిసింది. సుమారు రెండున్నర గంటల్లో ఎన్‌పీఎం దాన్ని తిరిగి పెట్టింది, ఆ తర్వాత నిబంధన కూడా మార్చింది. నన్నడిగితే కోచులుది బద్‌తమీజీ కాదు. తన మెహనత్ తన హఖ్ అనుకున్నాడు. అప్పటిదాకా ఆ మెహనత్ మీద బతికినవాళ్లలో అతని పేరు తెలిసినవాళ్లెందరు?

2018లో మరో చేదు. ఈవెంట్‌స్ట్రీమ్ ప్యాకేజీని అలసిపోయిన యజమాని, సాయం చేస్తానని వచ్చిన అపరిచితుడికి అప్పగించాడు. అతను అందులో బిట్‌కాయిన్లు దొంగిలించే కోడ్ కలిపాడు. అమానత్‌లో ఖయానత్ అంటే ఇదే.

2023లో షాడ్‌సీఎన్ అనే పేరుతోనే తెలిసిన ఒక డెవలపర్ వేరే దారి పట్టాడు. ప్యాకేజీగా కాదు, నఖలుగా ఇస్తానన్నాడు. హుకుం ఇవ్వగానే ఆ పనిముట్టు రిజిస్ట్రీకి వెళ్తుంది. బటన్ కోడ్, దానికి కావలసిన తోడు ప్యాకేజీల జాబితా తెస్తుంది, తోడువి ఇన్‌స్టాల్ చేస్తుంది, బటన్ ఫైలును మాత్రం మన ఫోల్డర్‌లో రాసిపెడుతుంది. అక్కణ్నుంచి ఆ ఫైలుకు మాలిక్ మనమే. ఉస్తాద్ రాసిచ్చిన తఖ్తీని ఇంటికి తెచ్చుకుని దిద్దుకున్నట్టు.

హఖ్‌తో పాటు జిమ్మేదారీ కూడా ఇంటికొచ్చింది. అసలు ప్రతిలో తప్పు సరిచేస్తే అది మన నఖలుకు దానంతటది రాదు, మనమే వెళ్లి పోల్చుకోవాలి. పైగా చాలా ముక్కలకు అడుగున రాడిక్స్ అనే ప్యాకేజీ ఉండనే ఉంది, ఎన్‌పీఎం మీద భరోసా పూర్తిగా తప్పలేదు. ఇప్పుడు ఎవరైనా సొంత రిజిస్ట్రీ పెట్టుకోవచ్చు. అంటే ఆ హుకుం ఎవరి కోడ్‌నైనా మన ఇంట్లో రాసి వెళ్లగలదు. తెచ్చినదాన్ని చదివేవాళ్లుంటే సరే. చదవకుండా ఎంటర్ కొట్టేవాళ్లకు 2018కీ ఇప్పటికీ తేడా లేదు.

ఉర్దూ సైటు కట్టే పిల్లలకు మాత్రం ఒక సౌకర్యం దక్కింది. బటన్ పక్కన ఎడమ ఖాళీ అని రాసి ఉంటే, ఫైలు తెరిచి మొదలువైపు ఖాళీ అని మార్చుకోవచ్చు. టెయిల్‌విండ్‌లో ఆ మాటలు 2023 నుంచే ఉన్నాయి. ఎవరి ఇజాజత్ అక్కర్లేదు, పదేళ్లు ఆగాల్సిన పని కూడా లేదు.