పండుగ మరునాటి కుండ

పండుగనాటి వంటకన్న పండుగ మరునాటి వంటలోనే ఎక్కువ శాస్త్రమున్నదని చెప్పినచో పాఠకులు నవ్వవచ్చును. కాని ఆ మాట నిజము. ఉత్తర తెలంగాణమున, ముఖ్యముగా కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో, దసరానాడు నాలుగైదు కుటుంబములవారు కలసి మేకనో గొర్రెనో కొని, కోసి, మాంసమును సమానముగా పోగులు వేసి పంచుకొనుట చాలాకాలముగా ఉన్న వాడుక. మెత్తని మాంసము ఆనాడే కూరయగును. మరునాటికి మిగులునవి ఎముకలు, నరములు, మోకాలి ముక్కలు. వీటిని శనగపప్పుతో కలిపి, ఆనపకాయ ముక్కలు, చింతపండు పులుసు చేర్చి మెల్లగా ఉడికించినచో దాల్చా తయారగును. ఇది దక్కను ముస్లిం కుటుంబముల వంట. 'దాల్' అను మాట దాని పేరులోనే ఉన్నది. కాలక్రమమున అన్ని కులముల పెండ్లి పందిళ్లలోను బగారా అన్నము ప్రక్కన దానికి చోటు దొరికినది.

అప్పటికిని మిగిలిన మాంసమును సన్నని పేలికలుగా కోసి, ఉప్పు, పసుపు రాచి, త్రాటిపై ఆరవేయుదురు. ఈ ఎండు మాంసమును కొన్నిచోట్ల ఒరుగులందురు. వానకాలమున పొలము పనులు ముమ్మరమై, కూరగాయలు కరువైనప్పుడు గుప్పెడు ఒరుగులు పప్పుకుండలో పడును. ఇంటిల్లిపాదికి ఆనాటి కూర అదియే.

ఐరోపా ఖండమునందును సరిగా ఇట్టి కుండయే కలదు. అచ్చటివారు ఉప్పులో ఊరవేసిన పంది తొడను 'హామ్' అందురు. పండుగకు దానిని కోసుకొని తిన్న పిదప మిగిలిన ఎముకను బఠానీ పప్పుతో గంటలకొలది ఉడికించి చిక్కని సూపు చేసికొందురు. ఒకరి వంట మరియొకరు చూచి నేర్చినది కాదు. ఇద్దరికిని ఎదురైన ప్రశ్న ఒకటే: కొద్ది మాంసముతో ఎక్కువమందికి బలమైన భోజనము పెట్టుట ఎట్లు? ఆ ప్రశ్నకు కుండ చెప్పిన సమాధానము సరియైనదేనా అని శాస్త్రజ్ఞులు పరీక్షించిన కథయే ఈ వ్యాసము.

ఓడలలోను, యుద్ధములలోను

ఐరోపాలో చలికాలము వచ్చుసరికి పశువులకు మేత తగ్గును. అందుచేత రైతులు శీతకాలపు ఆరంభముననే పందులను కోసి, మాంసమును ఉప్పులో ఊరవేయుట ఆచారమైనది. ఎండిన బఠానీలు కూడ ఏడాది పొడవున నిలువయుండును. ఈ రెండును ఓడ ప్రయాణములకు మిక్కిలి అనువైనవి. 18వ శతాబ్దమున బ్రిటిషు నౌకాదళమున ఒక్కొక్క నావికునకు వారమునకు ఇచ్చు భత్యములో 2 పౌనులు, అనగా సుమారు 900 గ్రాముల ఉప్పు పందిమాంసము, 2 పైంట్ల బఠానీలు ఉండెడివి.

తరువాత ఈ సూపు యుద్ధభూమికిని వెళ్లినది. 1867లో బెర్లినుకు చెందిన గ్రూనెబెర్గ్ అను వంటవాడు బఠానీ పిండి, క్రొవ్వు, పంది మాంసము, ఉల్లి, ఉప్పు కలిపి గట్టి గొట్టము వలె చుట్టి 'ఎర్బ్‌స్‌వుర్స్‌ట్' అను పదార్థమును తయారుచేసెను. ఒక ముక్క విరిచి నీటిలో మరిగించినచో సూపు సిద్ధమగును. 1870-71లో ఫ్రాన్సుతో జరిగిన యుద్ధమున ప్రష్యా సైనికులు దీనిని తినిరి. ఈనాడు మనము అంగడిలో కొను సూపు పొడులకు ఇది ముత్తాత అనవచ్చును. దీని తయారీ 2018 చివర ఆగిపోయినది.

మనకు హామ్ ఏల లేదు?

తొడ మాంసమును ముక్క చేయక ఊరవేసినప్పుడు పైనున్న ఉప్పు ఎముక వరకు చేరుటకు వారములు పట్టును. ఆ లోపల సూక్ష్మజీవులు పెరుగకుండవలెనన్నచో చల్లదనము కావలెను. ఐరోపా శీతకాలము ఆ చల్లదనమును ఉచితముగా ఇచ్చును. వేసవిలో 45 డిగ్రీల వరకు కాగు రామగుండము ప్రాంతమున ఆ పద్ధతి సాగదు. 35 డిగ్రీల వెచ్చదనమున అనుకూలమైన స్థితిలో కొన్ని సూక్ష్మజీవులు 20 నిమిషములకే రెట్టింపగును. ఉప్పు లోపలికి చేరకముందే ఎముకచుట్టు మాంసము కుళ్లును.

కావున మనవారు ఎండనే సాధనముగా చేసికొనిరి. సన్నగా కోయుటవలన ఉప్పు నడువవలసిన దూరము తగ్గును. నీరు త్వరగా ఆవిరియగును. సూక్ష్మజీవులకు కావలసినది మాంసములోని నీరంతయు కాదు, ఉప్పుకు కట్టుబడక స్వేచ్ఛగా ఉన్న నీరు. దానిని శాస్త్రజ్ఞులు ఒక అంకెతో కొలుతురు. శుద్ధమైన నీటికి ఆ అంకె 1. పచ్చిమాంసమునకు సుమారు 0.99. అది 0.91కి దిగినచో కుళ్లింపజేయు బాక్టీరియాలలో చాలభాగము పెరుగజాలవు. 0.6కు దిగినచో బూజు సైతము పట్టదు. ఒరుగు విరిచినప్పుడు 'పుటుక్కు'మనవలెనని మన పెద్దలు చెప్పునది ఈ అంకెకు ఇంటి కొలమానమే.

పప్పుల జన్మస్థానము

ఇక కుండలోని రెండవ భాగస్వామి పప్పు. బఠానీయు, శనగయు పశ్చిమాసియా ప్రాంతమున వేల సంవత్సరముల క్రిందట మానవుడు సాగుచేసిన పంటలు. కంది అట్లు కాదు. దానికి దగ్గరి చుట్టమైన అడవి కంది మొక్క ఒరిస్సా, బస్తరు ప్రాంతములలో పెరుగుచున్నది. అందుచేత కంది పుట్టినిల్లు ఆ సీమయేయని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయము. గోదావరి దిగువకు పోయినచో బస్తరు మనకు పొరుగుసీమయే. ఆదిలాబాదు నల్లరేగడి చేలలో ప్రత్తి సాళ్ల నడుమ ఈనాటికిని కంది నిలిచియున్నది.

గింజను బద్దలు చేయుట చిన్న విషయమువలె కనబడును గాని, అదియొక గొప్ప కల్పన. గింజపై పొట్టు నీటిని త్వరగా లోనికి రానీయదు. గింజలను తడిపి, ఎండబెట్టి, విసురురాతిలో విసరినచో పొట్టు ఊడి, బద్దలు విడివడును. అప్పుడు నీరు బద్దయొక్క చదునైన ముఖమునుండి నేరుగా ప్రవేశించును. ఉడుకు కాలము తగ్గును, కట్టెలు మిగులును.

కుండలో జరుగు పని

ఎముకను పప్పుతో కలిపి వండువారు తెలిసియో తెలియకయో మూడు నియమములను పాటించుదురు.

మొదటిది, పప్పును ముందుగా నానవేయుట. రెండవది, చింతపండును చివరనే వేయుట. పప్పు కణములను ఒకదానితో ఒకటి అంటించియుంచు జిగురు పెక్టిన్. అది కరగినప్పుడే పప్పు మెత్తబడును. పులుపు దానిని త్వరగా కరగనీయదు. ముందే పులుసు పోసినచో పప్పు ఎంత మంట పెట్టినను బిరుసుగానే ఉండును. గట్టినీటిలోని కాల్షియమును ఇట్టి అడ్డంకియే కలిగించును. ఊరిలో ఒక బావి నీటికి పప్పు ఉడుకును, మరియొక బావి నీటికి ఉడకదు అనుటలోని రహస్యమిదియే. ఇందుకు కొందరు వంటసోడా వేయుదురు. పప్పు మెత్తబడును గాని, అందలి థయమిన్ అను విటమిను చాలవరకు నశించును.

మూడవది, సన్నని మంట. ఎముక చివరలను, నరములను పట్టియున్న కొల్లాజెన్ అను గట్టి పదార్థము నీటిలో దీర్ఘకాలము కాగినప్పుడు జెలటినుగా మారును. చల్లారిన దాల్చా పేరుకొనుటకు కొంత కారణము ఇదియే. ఒరుగులు వేసినచో వాటిని వేడినీటిలో నానబెట్టి కడుగవలెను. ఉప్పు చివర రుచి చూచి వేయవలెను.

ఎముక ఒక్కటే చాలునా?

ఇచ్చట చరిత్ర ఒక పాఠము నేర్పినది. 19వ శతాబ్దపు ఆరంభమున పారిసులో దార్సే అను రసాయన శాస్త్రజ్ఞుడు ఎముకలనుండి జెలటినును తీసి, పేదలకు, ఆసుపత్రి రోగులకు ఆ సూపునే చౌక ఆహారముగా ఇప్పించెను. దీనిపై వివాదము లేచినది. ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ నియమించిన సంఘము కుక్కలపై ప్రయోగములు చేసినది. జెలటిను మాత్రమే ఆహారముగా ప్రాణము నిలువదని 1841లో మజెండీ నివేదిక సమర్పించెను. కారణము తరువాతి కాలమున తెలిసినది. శరీరమునకు అత్యవసరమైన ట్రిప్టోఫాన్ అను అమినో ఆమ్లము జెలటినులో బొత్తిగా లేదు.

ఎముక రుచినిచ్చును. కడుపు నింపి కండ పెంచునది పప్పు. కందిపప్పులో నూటికి 22 వంతులు మాంసకృత్తులు. మన జొన్నలో లైసిన్ అను అమినో ఆమ్లము తక్కువ. పప్పులో అది సమృద్ధి. పప్పులో మెథియొనీన్ తక్కువ. ధాన్యము ఆ కొరతను తీర్చును. ఒకదాని లోటును మరియొకటి పూడ్చుటచే జొన్నరొట్టె, పప్పు కలిసినప్పుడు విడివిడిగా కన్న మేలైన ఆహారమగును.

ఈ జత విడిపోయినచో ఏమగును? 1914లో అమెరికా దక్షిణ రాష్ట్రములలో వేలమందిని పీడించుచున్న పెల్లాగ్రా వ్యాధిని డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ పరిశోధింపసాగెను. ఎండతగిలిన చేతులు, మెడ నల్లబడి పగులుట, విరేచనములు, మతిభ్రమ దీని లక్షణములు. రోగులు మొక్కజొన్న పిండి, బెల్లపు పాకము, పందిక్రొవ్వు మాత్రమే తిను పేదలు. జాక్సను పట్టణపు అనాథాశ్రమములలో పిల్లలకు పాలు, గ్రుడ్లు, మాంసము, వాటితోబాటు చిక్కుళ్లు, బఠానీలు పెట్టించగా వ్యాధి దాదాపు మాయమైనది. 1937లో ఎల్వెజమ్ చేసిన పరిశోధనలో అసలు లోపము నయాసిన్ అను విటమినుదని తేలినది. ట్రిప్టోఫానునుండి శరీరము కొంత నయాసినును స్వయముగా తయారుచేసికొనగలదు.

ఆ వ్యాధి మన దక్కనులోను ఉండెను. 1958లో కూనూరునుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో (నేటి జాతీయ పోషకాహార సంస్థ) గోపాలన్, శ్రీకంఠయ్యగారలు జొన్న ముఖ్యాహారముగా గల పేదలలో పెల్లాగ్రాను పరిశీలించి, జొన్నలో అధికముగా నున్న ల్యూసిన్ అను అమినో ఆమ్లము ఇందుకు కారణము కావచ్చునని 1960లో ప్రకటించిరి. ఆ సిద్ధాంతముపై తరువాత వాదోపవాదములు జరిగినవి. కాని ఒక విషయమున వాదము లేదు: జొన్న గటక, అంబలి మాత్రమే త్రాగినవానికి వచ్చిన రోగము, దానితో పప్పు, కొంత మాంసము, పాలు తిన్నవానికి రాలేదు. జొన్నది తప్పు కాదు. ప్రక్కన ఏమియు లేకపోవుటయే తప్పు.

నేటి కుండ

1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప జొన్న తినుట బాగుగా తగ్గినది. ఆదిలాబాదు జొన్నచేలు చాలవరకు ప్రత్తిచేలైనవి. పెల్లాగ్రా అరుదైనది. కాని బియ్యములోను లైసిన్ తక్కువయే. పళ్లెము నిండ అన్నముండి, పప్పు పలుచని నీళ్లయినచో పాత లోటు క్రొత్త రూపమున మిగిలియే యుండును.

కావున ఇంట మాంసము వండిననాడు ఎముకలను పారవేయక, మరునాడు గిద్దెడు పప్పును నానవేయుడు. ఎముకలను రాత్రి బయట ఉంచక శీతలపేటికలో పెట్టుడు. వండిన దాల్చాను వెచ్చని గదిలో రేపటివరకు ఉంచరాదు. నెమ్మదిగా చల్లారు కుండలో ఉడుకును తట్టుకొన్న సూక్ష్మజీవి బీజములు మరల మొలకెత్తును. ఎముక ఎంత ఉన్నను పప్పు కొలతను మాత్రము తగ్గింపకుడు. అతిథులు ఎముకనే మెచ్చుకొందురు, పిల్లలను పెంచునది పప్పు.