నగరం ఒకటి, కౌంటీ ఒకటి: సెయింట్‌ లూయిస్‌లో తెగని విలీన వివాదం

అమెరికాలో కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా వంటి పాలనా విభాగం. నగరాలు సాధారణంగా ఏదో ఒక కౌంటీ పరిధిలో ఉంటాయి. మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్‌ లూయిస్‌ నగరం మాత్రం ఏ కౌంటీలోనూ లేదు. అదే పేరుగల కౌంటీ దానికి ఆనుకొనే ఉన్నా, రెండింటి పాలకులు, బడ్జెట్లు వేర్వేరు. ఈ రెండింటినీ తిరిగి కలిపేందుకు 1926 నుంచి పలుమార్లు ప్రయత్నాలు జరిగినా ఫలించలేదు.

విడిపోయింది నగరమే

1876 నాటికి సెయింట్‌ లూయిస్‌ సంపన్న నగరం. తాము చెల్లించే పన్నులు గ్రామీణ ప్రాంతాలకు తరలిపోతున్నాయని, తమపై కౌంటీ పెత్తనం ఎక్కువైందని నగరవాసులు భావించారు. ఆ ఏడాది ఆగస్టులో ఓటింగ్‌ జరిగింది. తొలి లెక్కింపులో విభజన ప్రతిపాదన వీగిపోయింది. అక్రమాల ఆరోపణలతో తిరిగి లెక్కించగా నెగ్గింది. నగరం తన హద్దులను విస్తరించుకుని, సుమారు 160 చదరపు కిలోమీటర్ల వద్ద స్థిరపరచుకుంది. కౌంటీ భారం వదిలిందనుకున్నారు గానీ, విస్తరణకు దారి కూడా మూసుకుపోయింది.

తరువాతి కాలంలో జనం, పరిశ్రమలు శివార్లకు తరలిపోయాయి. 1950లో 8,56,796గా ఉన్న నగర జనాభా 2020 నాటికి 3,01,578కి పడిపోయింది. అదే ఏడాది కౌంటీ జనాభా 10,04,125. కౌంటీలో 80కి పైగా చిన్న మున్సిపాలిటీలు ఏర్పడ్డాయి. వాటిలో ఒకటైన ఫెర్గూసన్‌ జరిమానాలను ఆదాయ వనరుగా మార్చుకుందని 2015లో కేంద్ర న్యాయశాఖ నివేదిక తప్పుబట్టింది. ఇన్ని పాలకవర్గాలు ఎందుకన్నది విలీనవాదుల ప్రశ్న.

2019లో ఏం జరిగింది?

1926లో విలీనానికి నగర ఓటర్లు సమ్మతించగా కౌంటీ ఓటర్లు తిరస్కరించారు. 1962లో మరో ప్రణాళిక రాష్ట్రవ్యాప్త ఓటింగ్‌లో ఓడిపోయింది. 2019 జనవరిలో ‘బెటర్‌ టుగెదర్‌’ అనే సంస్థ, రెండింటినీ కలిపి సుమారు 13 లక్షల జనాభాతో ఒకే మహానగరంగా మార్చాలని ప్రతిపాదించింది. దీనిపై రాష్ట్రమంతటా ఓటింగ్‌ జరపాలన్న అంశమే వివాదానికి మూలమైంది. తమ భవితవ్యాన్ని ఎక్కడో ఉన్నవారు తేల్చడమేమిటని స్థానికులు నిలదీశారు. కౌంటీలో కలిస్తే తమ ఓటు బలం తగ్గిపోతుందని నగరంలోని నల్లజాతి నాయకులు ఆందోళన వ్యక్తం చేశారు. కొత్త నగరానికి తొలి మేయర్‌గా ఎన్నిక లేకుండానే బాధ్యతలు చేపట్టాల్సిన కౌంటీ అధినేత స్టీవ్‌ స్టెంగర్‌పై ఏప్రిల్‌లో అవినీతి అభియోగాలు నమోదయ్యాయి. ఆయన రాజీనామా చేసి, నేరం అంగీకరించారు. మే నెలలో ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు.

కలిసిన చోట

ఇరుపక్షాలూ అన్నింటినీ తోసిపుచ్చలేదు. మురుగునీటి నిర్వహణకు 1954లో, జంతు ప్రదర్శనశాల, మ్యూజియంల పోషణకు 1971లో ఉమ్మడి వ్యవస్థలను నగర, కౌంటీ ఓటర్లు ఆమోదించారు. కెంటకీలోని లూయీవిల్‌లోనూ పలుమార్లు ఓడిన విలీనం, 2000లో స్థానికుల ఓటుతోనే నెగ్గి 2003లో అమలులోకి వచ్చింది.

విలీనంతో ఖర్చు ఎంత తగ్గుతుందన్న లెక్క ఒక్కటే ప్రజలను ఒప్పించలేదు. పన్ను ఎవరు కడతారు, అధికారం ఎవరికి దక్కుతుంది, తుది నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నలకు ముందుగా సమాధానం చెప్పాలన్నదే సెయింట్‌ లూయిస్‌ అనుభవం.