గిద్దలును బైట్లును



ధాన్యము కొలుచుటకు మన పెద్దలు ఏర్పఱచిన పాత్రలవరుసను మీ రెఱుగుదురు. రెండు గిద్దలు అరసోల; రెండరసోలలు సోల; పిమ్మట తవ్వ, మానిక, అడ్డ, కుంచము, ఇరస, తూము. ప్రతి పాత్రయు ముందుదానికి రెట్టింపు. లెక్క కట్టినచో తూమునకు 256 గిద్దలు. తూమునకు లోబడిన పాత్రలు ఎనిమిదియే యైనను, ఒక్కొక్కదానిని ఒకే తూరి నింపి 255 గిద్దలవఱకు ఏ పరిమాణమునైనను కొలువవచ్చును. 1956 నాటి చట్టముతో కిలోలును లీటర్లును వచ్చినవి గాని, హైదరాబాదున విద్యానగరులోని మా యింట బియ్యమునకు నేటికిని సోలయే.

అయితే కొలుచుట వేఱు, దాచుట వేఱు. 33 గిద్దల గింజలను ఒకే పాత్రలో నుంచవలెనన్న కుంచము కావలెను. అందు 31 గిద్దల చోటు వ్యర్థము.

కంప్యూటరు జ్ఞాపకస్థానమునందును ఇదే చిక్కు. దానిని బైట్లతో కొలుచు గాదెగా భావింపుడు. అందు నడచు ప్రోగ్రాములు క్షణక్షణము చిన్న చోట్ల నడుగుచు, పని తీరగనే విడుచుచుండును. అడిగినంతయే ఖండించి యిచ్చుచు పోయినచో, విడిచిన చోట్లు తునకలై, మొత్తముమీద ఖాళీ యెంత యున్నను పెద్ద కోరికకు పనికిరావు.

1963లో హారీ మార్కోవిట్జు, 1965లో ప్రకటించిన వ్యాసమున కెన్నెత్ నోల్టను, వేఱువేఱుగా ఒక యుపాయము చూపిరి. పెద్ద చోటును సగము, ఆ సగమును మరల సగము చేయుచు పోవుట; జంట రెండును ఖాళీ యైనప్పుడు కలిపివేయుట. మన కొలతల వరుసయే! వారు దీనిని మననుండి గ్రహించిరని నేననను. అట్టి గొప్పలు నాకు రుచింపవు. మార్కోవిట్జు 1990లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము నందినవాడు.

రెట్టింపు వరుసలో 65 బైట్లడిగిన 128 ఈయవలెను, 63 నష్టము. అందువలన నేటి జెమ్మాలక్ వంటివి 64కును 128కిని నడుమ 80, 96, 112 అను మెట్లు చేర్చినవి. 65కు 80 చాలును, నష్టము 15. మెట్లు మఱింత దట్టముగా నుంచరాదా యని మీ రడుగవచ్చును. ప్రతి మెట్టునకును కొంత చోటు వేఱుగా నిలువ యుంచవలెను. ఎవ్వరు నడుగని మెట్టు కడ ఆ నిలువ యూరక పడియుండును.

1994లో జెఫ్ బాన్విక్కు సొలారిసు వ్యవస్థకై చేసిన ఏర్పాటు నాకు మిక్కిలి నచ్చినది: తఱచుగా వచ్చు వస్తువునకు సరిగా దాని ప్రమాణము గల గదులనే ముందుగా కట్టియుంచుట. కావున సొంత ఏర్పాటు చేసికొనువాడు మొదట తన ప్రోగ్రాము ఏ ప్రమాణమును ఎన్నిసారులు అడుగుచున్నదో లెక్క వ్రాసికొనవలెను. లక్ష వస్తువులు 40 బైట్ల చొప్పున కోరగా, అతడు ఒక్కొక్కదానికి 64 ఇచ్చినచో, పోవునది 24 లక్షల బైట్లు.