రౌటర్‌కు తెర వచ్చాక

కుప్పం పేరు 2002లో దేశవిదేశాల్లో వినిపించింది. హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ అనే మూడేళ్ల పథకం పెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. ఊరి ఆడవాళ్ల చేతికి డిజిటల్ కెమెరాలు, చిన్న ప్రింటర్లు ఇచ్చి ఫోటోగ్రాఫర్లను చేశారు. మంచి పనే. గడువు తీరాక కంపెనీ తప్పుకుంది. కంప్యూటర్ వాడటం నేర్పినంత తేలిగ్గా దాని వెనకున్న నెట్‌వర్కును నడపడం నేర్పలేరని నాకనిపిస్తుంది. ఆ పని చిన్న ఊళ్ల చేతికి వేరే దారిలో వచ్చింది.

ఆ రోజుల్లో పెద్ద రౌటర్ అంటే నల్ల తెర, తెల్ల అక్షరాలు. 1984లో పుట్టిన సిస్కో అలవాటు చేసిన పద్ధతి అది: ప్రతి మార్పునూ కమాండ్‌గా టైపు చేయాలి. దూరం నుంచి లాగిన్ అయి ఒక్క కమాండ్ తప్పు కొడితే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. లింకు తెగిపోతుంది, బండేసుకుని టవర్ దగ్గరికి పోవాల్సిందే. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక, బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే తెరుచుకునే పేజీ ఇళ్లకూ చేరింది. అది ఇంటి మోడెంకు చాలు. వీధి మొత్తానికి నెట్ ఇవ్వాలనుకునేవాడికి చాలదు.

ఆ కొరత తీర్చింది లాత్వియా రాజధాని రీగాలో 1996లో మొదలైన మైక్రోటిక్. మామూలు పీసీని రౌటర్‌గా మార్చే రౌటర్‌ఓఎస్‌ను 1997లో తెచ్చింది, 2002 నుంచి సొంత బోర్డులు చేసింది. పెట్టె చవక. దాంతోపాటు వచ్చిన విన్‌బాక్స్ అనే చిన్న విండోస్ ప్రోగ్రామ్ అసలు మలుపు. ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి విన్‌బాక్స్ తెరిస్తే, రౌటర్‌కు ఐపీ అడ్రస్ లేకపోయినా ‘నైబర్స్’ జాబితాలో కనబడుతుంది. మ్యాక్ అడ్రస్ మీద నొక్కి లోపలికి పోవచ్చు. ఏ కస్టమర్ లైన్లో ఉన్నాడో, ఎవరు ఎంత లాగుతున్నారో కదిలే అంకెల్లో కళ్లెదుటే ఉంటుంది. ‘సేఫ్ మోడ్’ బటన్ నొక్కి పని చేస్తే, మన తప్పు వల్ల లింకు తెగినా చేసిన మార్పులు వాటంతటవే వెనక్కి పోతాయి. దీని విలువ రాత్రిపూట టవర్ ఎక్కినవాణ్ణి అడగాలి.

మదనపల్లె, పుంగనూరు లాంటి ఊళ్లలో టీవీ కేబుల్ లాగిన కుర్రవాళ్లు ఇంటర్నెట్ వ్యాపారంలోకి దిగడానికి ఇలాంటి పనిముట్లే ఊతం. సర్టిఫికెట్ కోర్సుకు బెంగళూరు పోనక్కర్లేదు. పక్క ఊరి ఆపరేటర్ తెర చూపిస్తే సగం పని వచ్చేస్తుంది.

మిగతా సగంలోనే చిక్కు. విన్‌బాక్స్ 8291 పోర్టు మీద నడుస్తుంది. ఇంటి నుంచే చూసుకోవచ్చని చాలామంది దాన్ని బయటి ప్రపంచానికి తెరిచి ఉంచారు. 2018లో అందులో లోపం బయటపడింది: పాస్‌వర్డ్ తెలియకుండానే రౌటర్‌లోని యూజర్ల ఫైలును చదివేయవచ్చు. ఏప్రిల్‌లోనే కంపెనీ 6.42.1 వెర్షన్‌తో దాన్ని సరిచేసింది. చాలామంది అప్‌డేట్ చేసుకోలేదు. ఆగస్టుకల్లా బ్రెజిల్‌లో మొదలైన దాడి ప్రపంచమంతా పాకి, వాడేవాళ్ల బ్రౌజర్లలో దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ తవ్వించింది. చిక్కిన రౌటర్లు రెండు లక్షలు దాటాయి. నేరం గ్రాఫిక్ తెరది కాదు. కానీ కమాండ్ కొట్టేవాడు తాను ఏ తలుపు తెరుస్తున్నాడో తెలిసి తెరిచేవాడు. ఇక్కడ టిక్ పెడితే చాలు.

ఈలోగా మన రాష్ట్రంలో నియంత్రణ మరో దిక్కుకు జరిగింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీద తీగ లాగి నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ ఇస్తానంది. ఇలాంటి ఫైబర్ పద్ధతిలో ఇంట్లోని పెట్టెకు ముఖ్యమైన సెట్టింగులు పైనుంచే దిగుతాయి. “అన్నా, ఎర్ర లైటు వెలుగుతా ఉంది” అని ఫోనొస్తే ఆపరేటర్ చూసేది తీగనే, తెరను కాదు. సౌకర్యమే, కానీ చేతికొచ్చిన విద్య మళ్లీ జారిపోవడం నాకు నచ్చలేదు.

సొంత రౌటర్లతో నడిపేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసం 2024లో విన్‌బాక్స్ 4 బీటా వచ్చింది. విండోస్‌తో పాటు మ్యాక్, లినక్స్ మీదా నేరుగా నడుస్తుంది. కొత్తదానికి మారే ముందు ఆపరేటర్లు ఒక పని చేయాలి: ఫైర్‌వాల్‌లో 8291ని బయటివాళ్లకు మూసేసి, రౌటర్‌ఓఎస్ వెర్షన్ ఏ ఏడాదిదో చూసుకోవాలి.