లేని దీవులకు పాఠపరిష్కరణ



లేని దీవుల పటాలతో తెలుగు పండితునికేమి పని అని మీరు నవ్వవచ్చు. నా పూర్వవిద్యార్థి ఒకడు మొన్న ఇంటికి వచ్చి రెండు పటాలు చాప మీద పక్కపక్కన పరిచేదాకా నేనూ నవ్వినవాడినే.

కథ అమెరికాలో మొదలవుతుంది. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనేవారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను వెలువరించారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు తలకొక పాత్ర ధరిస్తారు, సందేహం వచ్చినచోట పాచికలు తీర్పు చెబుతాయి. 1981లో ఈ ఆటకు డేవిడ్ కుక్, టామ్ మోల్డ్‌వే కలిసి 'ఐల్ ఆఫ్ డ్రెడ్' అనే సాహసగాథ రాశారు. భయద్వీపమన్నమాట. రోరీ బార్బరోసా అనే కల్పిత నావికుడు ఓడలో చుట్టివచ్చి గీసిన పటం ఆటగాళ్ళ చేతికి వస్తుంది. అందులో తీరరేఖ ఉంటుంది, లోపలంతా తెలుపే. నడిచి వెళ్ళి నింపుకోవాలి. ఈ ఊహ నాకెంతో నచ్చింది.

ఆ పుస్తకంలోనే చుట్టుపక్కల దేశాల పటమూ ఉంది. అంతా షట్కోణపు గడులు, గడికి 24 మైళ్ళు. ఆ లోకానికే తరువాత మిస్టారా అని పేరు వచ్చింది. 1987 నుండి 1991 వరకు ఒక్కొక్క దేశానికీ జాతికీ ఒకటి చొప్పున పధ్నాలుగు వివరణ గ్రంథాలు వచ్చాయి. వాటిలో ఇరెండి, మిన్‌రోథాడ్ ద్వీపరాజ్యాలు. వీటిలో గడికి 8 మైళ్ళు. అంటే పాత పటంలోని ఒక్క గడి తొమ్మిది గడులుగా విచ్చుకుంటుంది. ఒక్క గీతగా ఉన్న తీరంలో అఖాతాలు, లంకలు పుట్టుకురావాలి. భయద్వీపపు పటమో, గడికి 6 మైళ్ళు! ఆరు ఎనిమిదిలో ఇమడదు. పైగా రచయితలు వేర్వేరు. ఒకరి తీరం మరొకరి తీరంతో అతకదు. ఇది చాలదన్నట్టు 1992లో ఆల్ఫాటియా అనే ద్వీపఖండాన్నే సముద్రంలో ముంచేశారు. కనుక పటం గీసేవాడు అది ఏ సంవత్సరపు పటమో కూడా చెప్పవలసిందే.

1997లో ఆ ప్రచురణ సంస్థ మరొక సంస్థ చేతిలోకి పోయింది. అప్పటికే మిస్టారాకు కొత్త పుస్తకాలు రావడం ఆగిపోయింది. పటాల పని అభిమానులు నెత్తికెత్తుకున్నారు.

వారు చేసినదేమిటో చూడండి. మొదట అచ్చు పటాన్ని గడి గడికీ, తప్పులతో సహా, ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు. అది వేరుగా ఉంచి, ఇతర గ్రంథాలతో సరిచూసి, సవరించిన పటం రెండవదిగా గీశారు. నా చాప మీద ఉన్నవి ఆ రెండే. ప్రతులు సేకరించి, పాఠభేదాలు గుర్తించి, సాధుపాఠం నిర్ణయించడమంటే ఇదే కదా! ఏళ్ళ తరబడి నేను పిల్లలకు చెప్పిన మాట, నేను మాత్రం పాటించనిది.

మా తాతగారు రాసిన అచ్చుకాని శతకం ఒకటి మా ఇంట ఉండేది. నలభై యేళ్ళ కిందట దానికి శుభ్రప్రతి రాశాను. క్రిమిదష్టమైనచోట్ల గ్రంథపాతమని చుక్కలు పెట్టవలసింది పోయి, పడుచుదనపు గర్వంతో నేనే పూరించాను. మూలప్రతికి చెద పట్టిందని పారవేశాను. ఈనాడు చదివితే యతి గాని ప్రాస గాని ఎక్కడా తప్పదు. నా బాధ అదే. ఏ పాదం తాతగారిదో, ఏది నాదో నాకే తెలియడం లేదు.

ఆ శతకాన్ని యూనికోడులో పెట్టమని మీలో ఒకరిద్దరు అడుగుతున్నారు. వచ్చే నెల నుండి పెడతాను. నావని ఖాయంగా గుర్తున్న పాదాలు మూడు. వాటిని కుండలీకరణాలలో ఉంచుతాను. తక్కిన అనుమానపు పాదాల పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది, మన్నించండి.