టెస్టర్ వెలుగుతోంది, బల్బు వెలగట్లేదు

పోయినేడాది వేసవిలో మా ఇంట్లో కరెంటు పోవడం మొదలైంది. ఇందులో వింతేముంది, మాకూ పోతుంది అంటారేమో, ఆగండి. మా ఒక్కింట్లోనే పోయేది. ఎదురింట్లో టీవీ మోగుతూనే ఉండేది, పక్కింటి పిన్నిగారి ఫ్యాను తిరుగుతూనే ఉండేది. మాకు మాత్రం పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట చీకటి. ఏదో చూద్దామని లేచేసరికి తిరిగి వచ్చేసేది. వచ్చింది కదా అని మళ్ళీ పనిలో పడిపోయేదాన్ని.

మామూలు రోజులైతే విసనకర్ర తీసుకుని అరుగు మీద కూర్చునేవాళ్ళం. కానీ అత్తయ్యకు చక్కెర జబ్బు. ఫ్రిజ్‌లో నెలకు సరిపడా ఇన్సులిన్ ఉంటుంది. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కురిచేడు మే నెల సంగతి మీకు తెలియనిది కాదు, నలభై దాటుతుంది. నేను సీసాలను ఫ్రిజ్‌లోంచి తీసి తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టడం, కరెంటు రాగానే మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టడం. "పిల్లి పిల్లల్ని తిప్పినట్టు తిప్పుతున్నావే అమ్మాయ్" అనేది అత్తయ్య. నవ్వుతూనే అనేది గానీ సూది వేసుకునేటప్పుడు సీసాను వెలుతురులో పెట్టి చూసుకునేది.

మూడు వారాల పాటు మా ఇంట్లో ఎవరమూ తప్పు మా ఇంటిదే అనుకోలేదు. "లైనులో ఏదో ఉంది", "ట్రాన్స్‌ఫార్మర్ లోడు ఎక్కువైంది", "ఎండలకి అంతే" అనుకుంటూ గడిపేశాం. మన మాటలోనే ఉంది చూడండి, "కరెంటు పోయింది" అంటాం. ఎక్కడి నుంచో వచ్చేది, ఎక్కడికో పోయేది. మనింట్లో అది చెడిపోతుందన్న ఊహే రాదు. ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని తర్వాత ఆలోచిస్తే, అత్తయ్య చెప్పిన కబుర్లూ నేను చదివినవీ కలిసి ఒక కథలా తేలింది.

అత్తయ్య చిన్నతనంలో మా వైపు పల్లెల్లో కిరసనాయిలు బుడ్డి, లాంతరే దిక్కు. పెళ్ళికైతే పెట్రోమాక్స్ లైటు అద్దెకు తెచ్చేవాళ్ళట. పొద్దున్నే లాంతరు చిమ్నీని ముగ్గుపిండితో తోమడం ఆడపిల్లల పని, ఎందుకంటే చిన్న చెయ్యి అయితేనే లోపలికి పడుతుంది! అప్పటికి ఆంధ్ర రాష్ట్రంలో కరెంటు అంటే పట్నాల సంగతి. 1955 ఆగస్టులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది, మనమూ ఒడిశా వాళ్ళూ కలిసి కట్టుకున్నది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఇప్పటికీ మా ఊరి పెద్దవాళ్ళు బిల్లు కట్టడానికి వెళ్తూ "బోర్డుకి కట్టొస్తా" అంటారు, బోర్డు పోయి పాతికేళ్ళు దాటినా.

మాకు కరెంటు కన్నా ముందు ముఖ్యమైనది నీళ్ళు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో నెహ్రూగారు శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ మా కురిచేడు ప్రాంతానికి వచ్చాక ఇక్కడి బతుకు మారింది. అదే డ్యాము దగ్గర కరెంటు తీయడం మొదలైంది మాత్రం 1978లో. ముందు పొలం, తర్వాత దీపం. మనవాళ్ళ లెక్క ఎప్పుడూ అదే.

మా మావయ్య ఈ ఇల్లు కట్టింది 1974లో. అప్పటికి మా జిల్లాకు నాలుగేళ్ళు, ప్రకాశం అన్న పేరుకు రెండేళ్ళు. గోడల మీద చెక్క బద్దీలు, వాటి మీద చిన్న రేకు క్లిప్పులతో బిగించిన వైర్లు, గుండ్రటి చెక్క దిమ్మె, దాని మీద నల్లటి టక్‌టక్ స్విచ్చి. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, రేడియోకి ఒక ప్లగ్గు. ఇల్లంతటికీ అంతే. మెయిన్ దగ్గర తెల్లటి పింగాణీ ఫ్యూజులు, మేం ఫీజులు అంటాం. అవి పోతే సన్నటి తీగ వేసుకోవడం మావయ్యకు ఎంత ఇష్టమైన పనో! ఆయన పక్కన లాంతరు పట్టుకుని నిలబడటం అత్తయ్య డ్యూటీ. (ఒక చిన్న సంగతి. కరెంటు కొత్తల్లో ప్రపంచమంతటా పెద్ద పెద్ద స్విచ్ బోర్డులను పలకరాయి మీద, పాలరాయి మీద చేసేవాళ్ళు, కాలవు కాబట్టి. మార్కాపురం పలక మీద అఆలు దిద్దిన మాలాంటి వాళ్ళకు ఇది వింటే కాస్త గర్వంగా ఉంటుంది.)

ఆ పైన వచ్చినవన్నీ కోతల కాలాలే. మన కరెంటులో చాలా భాగం నీటి నుంచి వచ్చేది కాబట్టి వానలు లేని ఏడాది పొలమూ ఎండేది, దీపమూ ఆరేది. 1979లో విజయవాడ థర్మల్ కేంద్రం, 1982లో శ్రీశైలం వచ్చినా, వాడకం అంతకన్నా ముందు పరిగెత్తింది. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కోత. ఆ టైము చూసుకునే పప్పు రుబ్బేదాన్ని. పంపుసెట్లకు అర్ధరాత్రి కరెంటు ఇస్తే మగవాళ్ళు టార్చిలైటు పట్టుకుని పొలానికి పోయేవాళ్ళు, తిరిగొచ్చేదాకా ఆడవాళ్ళకు నిద్ర ఉండేది కాదు. పాములు, తడి చేతులు, స్టార్టరు పెట్టెలు. ఆ రాత్రుల గురించి ఎవరూ రాయలేదేమో అనిపిస్తుంది నాకు.

1999 ఫిబ్రవరిలో బోర్డును విడగొట్టారు. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపు మీద ఊరేగింపు చేస్తే హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. 2014లో అందరికీ 24 గంటల కరెంటు అన్నారు, ఇళ్ళకు నిజంగానే చాలావరకు కోతలు తగ్గాయి. మళ్ళీ 2022 వేసవిలో పరిశ్రమలకు పవర్ హాలిడే చూశాం. అంటే, యాభై ఏళ్ళుగా కరెంటు పోతే తప్పు బయటిదే అని మాకు అనుభవం నేర్పింది. ఆ అనుభవమే మా కళ్ళు కప్పింది.

మా అమ్మాయి పాత నోటుపుస్తకం ఒకటి ఫ్రిజ్ మీద పెట్టి రాయడం మొదలుపెట్టాను. ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, ఎదురింట్లో ఉందా, మా ఇంట్లో అప్పుడు ఏవేవి ఆన్‌లో ఉన్నాయి. వారం రోజులకు ఒక సంగతి కనబడింది. బోరు మోటారు వేసి, ఇస్త్రీ పెట్టె కూడా పెడితే పదిహేను ఇరవై నిమిషాల్లో ఖాయంగా పోతోంది. మోటారు ఒక్కటే అయితే మధ్యాహ్నం పోతోంది, తెల్లారుజామున పోవట్లేదు. రాత్రి లైట్లూ ఫ్యాన్లతో అసలు పోవట్లేదు. లైన్లో తప్పైతే నా ఇస్త్రీ పెట్టెను చూసి పోదు కదండీ!

మా ఆయన ఒక కుర్రాణ్ణి పిలుచుకొచ్చారు. కరెంటు లేని సమయానికే దొరికాడు. టెస్టర్ పెట్టాడు, వెలిగింది. "అక్కా, కరెంటుంది గదా" అన్నాడు. ఉంటే బల్బు వెలగదేం అన్నాను. రెండో కన్నంలో పెట్టాడు, అక్కడా వెలిగింది. కాసేపు తల గోక్కుని, "న్యూట్రల్ రావట్లేదక్కా. ఏముంది, ఎర్తుకి కలిపేస్తే సరిపోద్ది, పది నిమిషాల పని" అన్నాడు. న్యూట్రల్ రావట్లేదని చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. తర్వాత చెప్పిన మందే ప్రాణాంతకం.

మా ఎర్తు పైపు ఎక్కడుందో చెప్తాను. పెరట్లో, బట్టలుతికే బండ పక్కన. 1974లో గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి ఇనుప పైపు దించారు. ఎండాకాలంలో దాంట్లో రోజూ బిందెడు నీళ్ళు పొయ్యాలి, మట్టి ఎండితే ఎర్తు పని చెయ్యదు. అది కోడలి పని. నాకన్నా ముందు అత్తయ్య పోసింది. ఆ పైపుకు న్యూట్రల్ కలిపితే ఇల్లంతా వాడుకున్న కరెంటు తిరిగి వెళ్ళే దారి అదే అవుతుంది. ఎండిన నేల దాన్ని సరిగ్గా తీసుకోదు, పైపు మీద, చుట్టూ తడి నేల మీద నిలబెడుతుంది. ఫ్రిజ్ రేకుకూ మోటారు ఒంటికీ అదే ఎర్తు తీగ. తడి కాళ్ళతో ఆ బండ దగ్గర నిలబడేది ఎవరు? నేనూ అత్తయ్యా. మా వైపు పల్లెల్లో ఈ పద్ధతి ఎన్ని ఇళ్ళల్లో ఉందో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా ఈ మాట అంటే దయచేసి వద్దనండి.

నేను వద్దన్నాను. కుర్రాడు చిన్నబుచ్చుకున్నాడు, మా ఆయన నా వైపు అదోలా చూశారు. అత్తయ్య మంచం మీద నుంచే "అమ్మాయి చెప్పింది వినండ్రా" అంది. ఆ ఒక్క మాటతో ఆ రోజు గడిచింది.

మర్నాడు ఒక పెద్దాయన వచ్చారు, డెబ్భై దాటి ఉంటాయి. మావయ్య కాలంలో మా వీధిలో సగం ఇళ్ళకు వైరింగు చేసింది ఆయనే. నా నోటుపుస్తకం చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "సగం పని నువ్వే చేశావమ్మా" అన్నారు. టెస్టర్ తియ్యలేదు. హోల్డరుకు రెండు వైర్లున్న బల్బు ఒకటి తీశారు. మోటారూ ఇస్త్రీ పెట్టే పెట్టించి, కరెంటు పోయేదాకా టీ తాగుతూ కూర్చున్నారు. పోయింది.

రెండు కన్నాల్లో టెస్టర్ ఎందుకు వెలుగుతుందో అప్పుడు చెప్పారు. ఫేజులోంచి వచ్చిన కరెంటు ఆన్‌లో ఉన్న ఫ్యానులోంచో ఫ్రిజ్‌లోంచో దాటి న్యూట్రల్ తీగలోకి వస్తుంది. బయటికి దారి తెగిపోతే అక్కడే నిలబడుతుంది. అందుకే రెండూ వెలుగుతాయి, బల్బు వెలగదు. చల్లగా ఉందనుకున్న తీగ కూడా అప్పుడు కొడుతుంది.

మీటరు నుంచి వచ్చే తీగలు గోడలోంచి లోపలికి వచ్చే చోట, పాత చెక్క బోర్డు వెనక నల్ల టేపు చుట్టిన ముడి ఒకటి బయటపడింది. ముడికి వీధి వైపు బల్బు పెడితే దేదీప్యమానంగా వెలిగింది. ఇంటి వైపు పెడితే లేదు. రోగం ఆ రెండంగుళాల్లోనే ఉంది. అక్కడ చెక్క నల్లగా మాడి ఉంది, అరచేతి వెడల్పున. దాని వెనకే బట్టల అలమర.

ఆ ముడి కథ ఇదీ. 1974 వైరింగు అల్యూమినియం. అప్పట్లో మన దేశంలో ఎక్కువ అదే, రాగిని విదేశీ మారకంతో కొనాలి, అల్యూమినియం మనకే దొరుకుతుంది. కొన్నేళ్ళ కింద మీటరును ఇంట్లోంచి వరండాలోకి మార్చినప్పుడు తీగ చాలక రాగి తీగ తెచ్చి పాత అల్యూమినియానికి చేత్తో మెలిపెట్టారు ఎవరో. అల్యూమినియం మీద గాలికి సన్నటి పొర కడుతుంది, అది కరెంటును పోనివ్వదు. పైగా వేడికి రాగి కన్నా మూడో వంతు ఎక్కువ సాగుతుంది. వేడెక్కిన ప్రతిసారీ ముడి కాస్త వదులవుతుంది, వదులైన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. వాడకం రెట్టింపయితే అక్కడ పుట్టే వేడి నాలుగు రెట్లు. మోటారు, ఇస్త్రీ పెట్టె కలిస్తే ముడి విడిపోయేది, చల్లారాక మళ్ళీ తగిలేది. నా పుస్తకంలోని లెక్కంతా అదే.

ఇది మన ఒక్కరి కథే కాదు. అమెరికాలోనూ 1965 నుంచి 1973 దాకా రాగి ధర పెరిగిందని లక్షల ఇళ్ళకు అల్యూమినియం తీగ వేశారు. 1974 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని హాంప్టన్ బేస్‌లో ఒక ఇల్లు అలాంటి జాయింటు వేడెక్కి అంటుకుని ఇద్దరు చనిపోయారు. తర్వాత అక్కడి ప్రభుత్వ సంస్థ చేయించిన సర్వేలో, 1972కు ముందు అల్యూమినియం వేసిన ఇళ్ళల్లో జాయింట్లు నిప్పంటుకునే స్థితికి చేరే ప్రమాదం రాగి ఇళ్ళకన్నా 55 రెట్లు ఎక్కువని తేలింది. అక్కడ ఆ ఇల్లు కాలిన ఏడాదే ఇక్కడ మావయ్య గృహప్రవేశం చేశారు.

పెద్దాయన కాలిన ముక్క కోసేసి మెయిన్ నుంచి బోర్డు దాకా కొత్త రాగి తీగలు లాగించారు. మీటరు సీలు దగ్గర పని ఉండటంతో కరెంటాఫీసుకు చెప్పి లైన్‌మన్‌ను పిలిపించారు, తాను ముట్టుకోలేదు. పింగాణీ ఫ్యూజులు తీసేసి ఎంసీబీలు, వాటితోపాటు 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా ఆగిపోయే ఆర్సీసీబీ పెట్టించారు. లోపలి గదుల అల్యూమినియం మిగిలింది, సంక్రాంతి లోపల అదీ మార్పించాం. చీటీ డబ్బులు దానికే పోయాయి. గాజులు చేయించుకుందామనుకున్నాను, సరే.

తీసేసిన పింగాణీ ఫ్యూజుల్లో ఒకటి అత్తయ్య అడిగి తీసుకుంది. మందుల డబ్బాలో పెట్టుకుంది. "మీ మావయ్య చెయ్యి పడ్డది" అంది. ఇన్సులిన్ ఇప్పుడు ఫ్రిజ్‌లోనే ఉంటోంది. నేను ఎర్తు గుంతలో నీళ్ళు పోస్తూనే ఉన్నాను. మొన్న గాలివానకు కరెంటు పోతే ఇద్దరం ఒకేసారి కిటికీలోంచి ఎదురింటి వైపు చూశాం. వాళ్ళకూ లేదు.