పాత డ్యాక్‌లో పాతబడేదేమిటి

సీడీ ప్లేయరు కొన్నవాళ్లంతా డ్యాక్ కొన్నట్టే. డిస్కు మీదో ఫోనులోనో అంకెలుగా ఉన్న పాటను మళ్లీ కరెంటు అలగా మార్చి యాంప్లిఫయరుకు అందించే భాగం అది. రాజాం లాంటి ఊళ్లకు అది ఇంకో పెట్టె కడుపులో దాక్కునే వచ్చింది. విడిగా కొనడం ఈమధ్య మొదలైన సరదా. ముప్ఫయ్యేళ్ల నాటి డ్యాక్‌లు సెకండ్‌హ్యాండ్‌లో కనబడుతుంటే, కొనొచ్చా అని అడిగేవాళ్లు ఉంటారు.

1982 అక్టోబరు 1న జపాన్‌లో సోనీ సీడీపీ-101 అమ్మకానికి వచ్చింది. ధర 1,68,000 యెన్‌లు. అంత పెట్టినా లోపల కన్వర్టరు ఒక్కటే. ఎడమ చానెల్‌కోసారి, కుడి చానెల్‌కోసారి వంతులేసుకుని పనిచేసేది. ఫిలిప్స్ కష్టం వేరు. 14 బిట్లు చాలనుకుని టీడీఏ 1540 చిప్ సిద్ధం చేసుకుంటే, సీడీ ప్రమాణం 16 బిట్లని ఖాయమైంది. వాళ్లు చేతిలో ఉన్న చిప్‌ను పారెయ్యలేదు. సెకనుకు 44,100 ఉండే నమూనాలను నాలుగింతలు చేసి, లెక్కలో వచ్చే తేడాను చెవికందని పౌనఃపున్యాల వైపు నెట్టి, దాదాపు 16 బిట్ల పనితనం రాబట్టారు. ఇరుకున పడి పట్టిన ఆ ఓవర్‌శాంప్లింగ్ దారినే తర్వాత అందరూ నడిచారు.

ఆ తర్వాతి టీడీఏ 1541 మీద మోజు ఇంకా తగ్గలేదు. కిరీటం గుర్తున్న చిప్‌కైతే మరీ గిరాకీ. మామూలు చిప్ మీద ఆ గుర్తు అచ్చేసి అమ్మే ఘనులూ ఉన్నారు. 1980ల చివర్లో ఒక బిట్ పద్ధతి వచ్చాక, విలువలు అతి కచ్చితంగా కుదరాల్సిన భాగాల బెడద తగ్గి, మంచి కన్వర్టరు చవకైంది. 1997లో రాజాంలో జీఎంఆర్ ఇంజినీరింగ్ కాలేజీ మొదలయ్యేనాటికి 16 బిట్ల సౌండ్‌కార్డు మామూలు కంప్యూటరు సామానే.

మన వినికిడి మాత్రం వేరే దారిలో నడిచింది. చీటీ రాసిస్తే పాటలు ఎక్కించిచ్చే క్యాసెట్ షాపులు, ఆనక ఎంపీత్రీ సీడీలు, ఆనక సెల్‌షాపులో మెమరీ కార్డులోకి పాటలు. ఎంపీత్రీలో పోయింది కుదింపులో పోయింది, దాన్ని ఏ డ్యాకూ తిరిగి తేలేదు.

ఇంకో సంగతి. విజయనగరంలో పుట్టిన సుశీల, అక్కడి సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల పాటల కోసమే చాలామంది ఇక్కడ ఈ సరంజామా కొంటారు. ఘంటసాల 1974లో పోయారు, సీడీ రావడానికి ఎనిమిదేళ్ల ముందు. ఆ కాలపు టేపు మీద పెద్ద చప్పుడుకూ టేపు బుసకూ మధ్య ఎడం సుమారు 60 డెసిబెల్స్. 16 బిట్ల సీడీకి 96 దాకా చోటుంది. ఫిలిప్స్ తొలి చిప్‌కు కూడా ఆ పాటలు బరువు కావు.

కాబట్టి నా మటుకు చిప్ వయసు పట్టించుకోను. మూత తీయించి కెపాసిటర్లు చూపించుకోవాలి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరుకు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. మన ఎండల్లో, గాలాడని టీవీ స్టాండులో ఏళ్ల తరబడి వెలిగిన డబ్బా అయితే హమ్ రావచ్చు, ఒక చానెల్ నీరసించవచ్చు. వాటిని మార్పించే ఖర్చు కూడా ధరలో కలుపుకోవాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చింది 120 వోల్టులది, జపాన్‌ది 100 వోల్టులది కావచ్చు. వెనక 230కి మార్చే స్విచ్ లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు.

అసలు ముసలితనం యూఎస్‌బీలో కనిపిస్తుంది. కంప్యూటరు నుంచి యూఎస్‌బీ మీదుగా పాట పంపే 1998 నాటి మొదటి పద్ధతి 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగింది. రెండో పద్ధతి 2006లో వచ్చినా, విండోస్ దాన్ని సొంతంగా గుర్తించింది 2017లో. ఆలోపు డబ్బాలు కంపెనీ ఇచ్చే డ్రైవరు మీద బతికాయి. కంపెనీ మూతపడితే డ్రైవరూ అంతే. ఆప్టికల్, కోయాక్సియల్ రంధ్రాలున్నవాటికి ఈ తిప్పలు లేవు. టీవీకో పాత సీడీ ప్లేయరుకో తగిలించుకోవచ్చు.

ఇక బేరం. 2016లో ఐఫోన్ 7 ఇయర్‌ఫోన్ రంధ్రం తీసేసింది, మిగతా కంపెనీలూ మెల్లగా అదే బాట పట్టాయి. దాంతో వైరు ముక్కంత డ్యాక్‌లు బజారు నిండా వచ్చాయి. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే మంచి రకం, కొలతల్లో 1980ల ఖరీదైన డబ్బాలను దాటిపోతుంది. పాతదానికి అంతకు మించి ఇస్తున్నామంటే గట్టి పవర్ సప్లయికో, ఎక్కువ కనెక్షన్లకో, చూడముచ్చటైన రేకు పెట్టెకో ఇస్తున్నట్టు. అమ్మేవాడు అరగంట వేడెక్కనిచ్చి, రెండు చానెళ్లూ వినిపించడానికి ఒప్పుకోకపోతే బేరం వదిలేయడమే.